కడుపు క్యాన్సర్‌కి చైనా కషాయం: అపోహలు, వాస్తవాలు

"సార్, ఉత్త వేర్ల పొడే" అంటూ ఓ కుర్రాడు నా బల్ల మీద వెండిరంగు పొట్లాలు పెట్టాడు. వాళ్ల నాన్నగారికి కడుపు క్యాన్సర్, మూడో సైకిల్ కీమో నడుస్తోంది. కుర్రాడు చైనాలో ఎంబీబీఎస్, అక్కడి ఈ మూలికల పొడినే ఆయనకి కషాయంగా పట్టిస్తున్నాడు. క్యాన్సర్ డాక్టర్‌గా ఇలాంటి పొట్లాలు నాకు కొత్త కాదు, వాటితో పాటు వచ్చే మాటలూ కొత్త కాదు.

అపోహ: చైనాలో ఆపరేషన్, కీమో లేకుండా మూలికలతోనే తగ్గిస్తారు.

వాస్తవం: కడుపు క్యాన్సర్ ఆపరేషన్లలో చైనా సర్జన్లది అందె వేసిన చెయ్యి. అక్కడ 1,056 మంది పేషెంట్లలో పెద్ద కోతనీ, కీహోల్ సర్జరీనీ (చిన్న రంధ్రాల ద్వారా చేసేది) పోల్చిన ట్రయల్ ఫలితాలు 2019లో వచ్చాయి. కషాయమూ ఇస్తారు, నిజమే. ఆకలికీ నీరసానికీ, ఎక్కువగా కీమోకి తోడుగా. వైద్య పరిశోధనల్ని కలిపి తూచే కోక్రేన్ సంస్థ సమీక్షకులు 2013లో ఇలాంటి 80కి పైగా ట్రయల్స్‌ని జల్లెడ పట్టారు. దాదాపు అన్నీ లోపాలతో చేసినవే. ఆయుష్షు పెరుగుతుందని వాటిని నమ్మి చెప్పలేం.

అపోహ: ఆకులూ వేర్లే కదా, హాని ఏముంటుంది?

వాస్తవం: ఆ పెద్దాయన రెండు వారాలుగా కాళ్లు లాగేస్తున్నాయనీ, మెట్లెక్కలేకపోతున్నాననీ అంటున్నారు. కీమో నీరసం అనుకున్నాం. రక్త పరీక్ష చేయిస్తే, కండరాలకి బలాన్నిచ్చే పొటాషియం 2.8. కనీసం 3.5 ఉండాలి. పొట్లం మీది చైనా అక్షరాలు కొడుకు చేతే చదివించాను. పన్నెండు దినుసులు. నాలుగోది 'గాన్‌సావో', అంటే మన అతిమధురం. అది రోజూ ఎక్కువగా పడితే పొటాషియం పడిపోతుంది, బీపీ పెరుగుతుంది. పైగా కీమో విరేచనాల్లోనూ పొటాషియం పోతుంది. పొట్లాలు ఆపించి పొటాషియం సిరప్ ఇచ్చాం. పది రోజులకి మెట్లెక్కి వచ్చారు.

ఆయన అదృష్టవంతుడు. 1990ల మొదట్లో బెల్జియంలో, సన్నబడదామని చైనా మూలికలు వాడిన 100 మందికి పైగా ఆడవాళ్లకి కిడ్నీలు దెబ్బతిన్నాయి. 'ఫాంగ్‌జీ' వేరు పడాల్సిన చోట 'గ్వాంగ్ ఫాంగ్‌జీ' పడింది. పేరు ఒకటే అనిపిస్తుంది, మొక్క మాత్రం వేరొకటి. అందులోని అరిస్టోలోకిక్ ఆమ్లం వాళ్లలో కొందరికి మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా తెచ్చింది. మేము కీమోలో వాడే సిస్‌ప్లాటిన్ కూడా కిడ్నీలకే భారం. రెండూ కలిస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా?

అపోహ (ఇది మా డాక్టర్లది): చైనా మూలికలన్నీ బూటకం.

వాస్తవం: 'షీషూ' అని చైనాలో ఒక చెట్టుంది. సంతోషపు చెట్టు అని అర్థం. దాని నుంచి తీసిన క్యాంప్టోథెసిన్ అనే రసాయనాన్ని 1966లో అమెరికాలోని శాస్త్రవేత్తలు మన్రో వాల్, మన దేశంలో పుట్టిన మన్‌సుఖ్ వాణి లోకానికి చూపించారు. మొదట్లో దాన్ని మనుషులకి ఎక్కిస్తే మూత్రంలో రక్తం పడింది. ఆ అణువుని మార్చి ఇరినోటెకాన్ అనే కీమో మందు చేశాక పనికొచ్చింది. ముదిరిన కడుపు క్యాన్సర్‌కి నేనూ రాస్తుంటాను. అలాగని బెరడు కాచుకు తాగితే? గ్లాసులోకి ఎన్ని మిల్లీగ్రాములు దిగిందో కాచినవాళ్లకే తెలియదు.

అపోహ: ల్యాబ్‌లో క్యాన్సర్ కణాలు చచ్చిపోయాయట, యూట్యూబ్‌లో చూశాం.

వాస్తవం: గాజు పళ్లెంలో కణాల్ని బ్లీచింగ్ పౌడర్ కూడా చంపుతుంది.

అపోహ: డాక్టరుకి చెబితే తిడతారు.

వాస్తవం: కొందరు తిడతారు, ఒప్పుకుంటాను. ఆ కుర్రాడి మీద నాకూ కోపం వచ్చింది, రెండు నెలలు దాచాడని. పొట్లమో డబ్బానో ఏదైనా సరే, రిపోర్టుల ఫైల్‌తో పాటు తెచ్చేయండి. చైనా అక్షరాలు నాకూ రావు. ఫోన్‌తో ఫోటో తీస్తే అనువాదం వచ్చేస్తుంది.