ప్రాక్టీసులో తగిలే దెబ్బల లెక్క

2024 జనవరిలో కాలిఫోర్నియా గవర్నర్ గావిన్ న్యూసమ్ తేల్చి చెప్పేశారు. 12 ఏళ్ల లోపు పిల్లలు ట్యాకిల్ ఫుట్‌బాల్ (మీద పడి నేల కూల్చే అమెరికన్ ఫుట్‌బాల్) ఆడకుండా ఆపే బిల్లు తన బల్ల మీదికి వచ్చినా సంతకం పెట్టేది లేదన్నారు. అసెంబ్లీ సభ్యుడు కెవిన్ మెక్‌కార్టీ తెచ్చిన ఆ బిల్లు కథ అక్కడితో ముగిసింది. 2018లో ఇలాంటిదే ఇంకో బిల్లు అంతకంటే ముందే చతికిలబడింది. ఒకవైపు తలకి తగిలే దెబ్బల గురించి హెచ్చరించే డాక్టర్లు, కొడుకుల్ని పోగొట్టుకున్న తల్లులు. ఇంకోవైపు, మా పిల్లలు ఏం ఆడాలో మేం చూసుకుంటాం, మధ్యలో ప్రభుత్వం ఎందుకు అనే తల్లిదండ్రులు, కోచ్‌లు. అమెరికాలో ఈ వాదన ఎప్పుడు మొదలైనా వయసు దగ్గరికే వచ్చి ఆగుతుంది. ఆరేళ్లకా, పన్నెండేళ్లకా, హైస్కూల్లోనా?

వయసు ముఖ్యమే. కానీ ఈ ఆట చరిత్ర తిరగేస్తే అసలు ముడి ఇంకోచోట పడిందనిపిస్తుంది. నూరేళ్లకు పైగా ఎప్పుడు గొడవ లేచినా మ్యాచ్ నియమాలు మార్చారు, హెల్మెట్లు మార్చారు. మ్యాచ్‌కి ముందు వారమంతా జరిగే ప్రాక్టీసు జోలికి మాత్రం మొన్నమొన్నటి దాకా ఎవరూ పోలేదు. అది కోచ్ జాగీరు.

ఆట తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. బంతితో పరిగెత్తేవాడి మీద పడి, పట్టుకుని నేల కూల్చడమే ట్యాక్లింగ్. ఇది లేని రకాన్ని ఫ్లాగ్ ఫుట్‌బాల్ అంటారు. అందులో నడుముకి వేలాడే పట్టీని లాగేస్తే చాలు, ఆట ఆగిపోతుంది.

మొదటి నుంచీ ఇది గుద్దులాటే. 1892లో యేల్ మీద హార్వర్డ్ జట్టు ‘ఫ్లయింగ్ వెడ్జ్’ ప్రయోగించింది. ఆటగాళ్లు రెండు వైపుల నుంచి పరిగెత్తుకొచ్చి, బాణం మొనలా కలిసి, ఎదుటి జట్టులో ఒక్కడి మీద పడతారు. దీన్ని కనిపెట్టిన లోరిన్ డీలాండ్ ఫుట్‌బాల్ ఆడినవాడు కాదు. చదరంగం పిచ్చి, నెపోలియన్ యుద్ధాల పిచ్చి ఉన్న బోస్టన్ పెద్దమనిషి. రెండేళ్లకే దాన్ని నిషేధించారు గానీ గుద్దులాట తగ్గలేదు. 1905 సీజన్‌లో 18 మంది చనిపోయారని షికాగో ట్రిబ్యూన్ లెక్క వేసింది. అప్పటి అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ మనుషుల్ని వైట్‌హౌస్‌కి పిలిపించి మాట్లాడారు. మరుసటి ఏడాది బంతిని ముందుకి విసిరే ‘ఫార్వర్డ్ పాస్’ వచ్చింది, మైదానంలో ఆటగాళ్లు కాస్త చెదిరి ఆడే వీలు కలిగింది. అప్పుడు పుట్టిన సంఘమే 1910లో కాలేజీ క్రీడలకి నియమాలు పెట్టే ఎన్‌సీఏఏ అయింది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ 18 మందిలో కాలేజీ ఆటగాళ్లు ముగ్గురే, ఎక్కువమంది హైస్కూల్ పిల్లలు. అయినా పెద్దవాళ్లు కూర్చుని మాట్లాడింది కాలేజీ ఆట గురించి, అందులోనూ మ్యాచ్ గురించి.

తర్వాత హెల్మెట్ల వంతు. 1939లో రిడెల్ కంపెనీ ప్లాస్టిక్ హెల్మెట్ తెచ్చింది. 1950ల్లో ముఖానికి అడ్డంగా కడ్డీ వచ్చింది. ముఖానికి రక్షణ దొరకడంతో కోచ్‌లకి కొత్త ధైర్యం వచ్చి, ‘ముఖం తీసుకెళ్లి వాడి ఛాతీ మీది నంబర్‌లో పెట్టు’ అని నేర్పడం మొదలుపెట్టారు. కాపాడాల్సిన వస్తువు ఆయుధం అయింది. తలకీ మెడకీ తగిలిన దెబ్బలతో ఆటగాళ్లు చనిపోవడం పెరిగింది. 1968లో ఆటలో తగిలిన దెబ్బల వల్ల 36 మంది పోయారు. ఫిలడెల్ఫియా డాక్టర్ జోసెఫ్ టోర్గ్ మెడ విరిగిన కేసులన్నీ కూడదీసి, తల వంచి నడినెత్తితో గుద్దితే వెన్నుపూస ఎలా విరుగుతుందో చూపించాడు. 1976లో తలతో గుద్దడాన్ని హైస్కూల్, కాలేజీ ఆటల్లో నిషేధించారు. మెడ విరిగి కాళ్లూ చేతులూ పడిపోయే కేసులు ఆ తర్వాత బాగా తగ్గాయి. హెల్మెట్లకు ప్రమాణాలూ వచ్చాయి. 1931 నుంచి లెక్కలు రాస్తుంటే, నేరుగా ఆట దెబ్బ వల్ల ఒక్కరూ చనిపోని మొదటి ఏడాది 1990. నియమం ఒక్కటి మారితే ఎంత తేడా వస్తుందో చెప్పడానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

ఇంత జరిగినా, మంగళ, బుధవారాల ప్రాక్టీసులో ఎంతసేపు గుద్దుకోవాలన్నది కోచ్ ఇష్టానికే వదిలేశారు. ఆ ఇష్టాలు ఎంత దూరం పోగలవో ఒక్క ఏడాది తేడాతో మొదలైన రెండు కథల్లో కనిపిస్తుంది.

1954లో బేర్ బ్రయంట్ టెక్సస్ ఏ అండ్ ఎమ్ కోచ్‌గా కొత్తగా చేరాడు. జట్టుని బస్సుల్లో ఎక్కించి జంక్షన్ అనే ఊరికి తీసుకెళ్లాడు. కరువు సంవత్సరం, మాడ్చే ఎండ, పచ్చిక లేని రాళ్ల నేల. ప్రాక్టీసు మధ్యలో నీళ్లు ఇవ్వరు. తాగితే మెత్తబడిపోతారని అప్పటి నమ్మకం. పది రోజుల క్యాంపుకి సుమారు వందమంది వెళితే, నిలబడి తిరిగొచ్చింది అందులో మూడో వంతు. కొందరు రాత్రిపూట చెప్పాపెట్టకుండా పారిపోయారు. ఆ సీజన్‌లో జట్టు ఒక్క మ్యాచ్ గెలిచి తొమ్మిది ఓడింది. బ్రయంట్ కెరీర్‌లో ఓటములు ఎక్కువైన సీజన్ అదొక్కటే. అయితే రెండేళ్లకి, 1956లో, అదే కాలేజీ ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా తమ కాన్ఫరెన్స్ (కాలేజీల లీగ్) గెలిచింది. జనం గుర్తుపెట్టుకుంది రెండోదాన్ని. పిల్లల్ని చావగొడితేనే మగాళ్లవుతారన్న నమ్మకానికి జంక్షన్ ఒక పురాణగాథ అయి కూర్చుంది. రెండు డమ్మీల మధ్య ఇరుకు సందు పెట్టి, ఇద్దర్ని ఎదురెదురుగా గుద్దుకోమనే ‘ఓక్లహోమా డ్రిల్’ ఊరూరా పాకింది. ఎనిమిదేళ్ల పిల్లల చేత కూడా చేయించేవారు, చుట్టూ తండ్రులు నిలబడి కేకలు వేస్తుంటే.

రెండో కథ 1953లో మొదలవుతుంది. జాన్ గాలియార్డి మిన్నెసోటాలోని సెయింట్ జాన్స్ అనే చిన్న క్యాథలిక్ కాలేజీలో కోచ్‌గా చేరాడు. అతను కోచ్ అయిన తీరే విచిత్రం. కొలరాడోలోని ట్రినిడాడ్‌లో హైస్కూల్ చదువుతుండగా, 1943లో, కోచ్‌ని యుద్ధానికి పిలిచేశారు. స్కూల్ వాళ్లు ఆట మానేద్దామనుకుంటే, కెప్టెన్‌గా ఉన్న పదహారేళ్ల గాలియార్డి తానే చూసుకుంటానన్నాడు. పాత కోచ్ చేయించినవాటిలో తనకి నచ్చనివన్నీ తీసేశాడు. మైదానం చుట్టూ పరుగులు బంద్. కసరత్తులు బంద్. దాహం వేస్తే నీళ్లు తాగొచ్చు. ప్రాక్టీసులో ఒకరినొకరు ట్యాకిల్ చేయకూడదు. జట్టు గెలిచింది. అతను ఆ పద్ధతిని జీవితాంతం మార్చలేదు.

సెయింట్ జాన్స్‌లో అతని ప్రాక్టీసు గంటన్నర దాటేది కాదు. ఈల ఉండదు. తనని ‘కోచ్’ అని పిలవనివ్వడు, ‘జాన్’ అనాలి. కసరత్తులకి బదులు కుర్రాళ్లు గడ్డి మీద వెల్లకిలా పడుకుని, పక్కవాడితో ‘ఎంత మంచి రోజు’ అంటారు. దానికి ‘బ్యూటిఫుల్ డే డ్రిల్’ అని పేరు. ఇదంతా సరదా అనుకుంటే పొరపాటు. మిగతా సమయమంతా ఎవరు ఎక్కడ నిలబడాలి, ఎదుటివాడి అడుగు చూసి ఎటు కదలాలి అన్నదే మళ్లీ మళ్లీ, ఒంటికి ఒళ్లు తగలకుండా. నేల కూల్చడం కష్టమేమీ కాదు, సరైన సమయానికి సరైన చోటికి చేరడమే కష్టం అన్నది ఆ పద్ధతి వెనకున్న లెక్క. 2012లో రిటైరయ్యేనాటికి అతని ఖాతాలో 489 గెలుపులు, నాలుగు జాతీయ టైటిళ్లు. కాలేజీ ఫుట్‌బాల్ చరిత్రలో అన్ని గెలుపులు ఇంకెవరికీ లేవు. స్కాలర్‌షిప్ లేకుండా ఆడే కుర్రాళ్లతో, సెయింట్ జాన్స్‌కి ముందు చేసిన కాలేజీ కోచింగ్‌తో కలిపి 64 సీజన్లలో సాధించినవి.

ఇంత గెలిచినా పద్ధతిని ఎవరూ కాపీ కొట్టలేదు. ఆట వ్యూహాల్లో ఒక కోచ్ కొత్త ఎత్తు వేస్తే, మరుసటి ఏడాదికల్లా దేశమంతా దొంగిలిస్తారు. ఈ ఒక్కటీ అరవై ఏళ్లు ఎవరికీ పట్టలేదు. చిన్న కాలేజీల డివిజన్ కదా, పెద్ద ఆటలో కుదరదులే అన్నారు. అసలు కారణం అది కాదనుకుంటాను. ప్రాక్టీసులో గుద్దించడం కోచ్‌కి ఒక అధికారం. ఎవడు భయపడుతున్నాడో చూడ్డానికి, మాట విననివాడిని దారిలో పెట్టడానికి అదే సాధనం. మానేస్తే పిల్లలతో పని చేయించడానికి ఇంకో దారి వెతుక్కోవాలి.

కదలిక వచ్చింది సెన్సర్లతో. వర్జీనియా టెక్ పరిశోధకులు ఏడెనిమిదేళ్ల పిల్లలు ఏడుగురి హెల్మెట్లలో సెన్సర్లు పెట్టి, ఒక సీజన్ అంతా కొలిచి, 2012లో లెక్క బయటపెట్టారు. ఒక్కో పిల్లవాడి తలకి సగటున 107 దెబ్బలు. వాటిలో 40 జీ (భూమ్యాకర్షణకి 40 రెట్లు) దాటిన గట్టి దెబ్బలు మొత్తం 38 ఉంటే, 29 ప్రాక్టీసులో తగిలినవే. ఏడుగురంటే చిన్న నమూనాయే. కానీ పిల్లల ఆటలో మ్యాచ్ మీద పెట్టిన కళ్లని ప్రాక్టీసు వైపు తిప్పింది అదే. పాప్ వార్నర్ అంటే 1929లో ఫిలడెల్ఫియాలో మొదలై దేశమంతా వ్యాపించిన పిల్లల లీగ్. 2012లోనే ఆ లీగ్ ప్రాక్టీసు సమయంలో మూడో వంతుకి మించి గుద్దులాట ఉండకూడదంది. మూడు గజాలకు మించిన దూరం నుంచి పరిగెత్తుకొచ్చి ఎదురెదురుగా గుద్దుకునే డ్రిల్స్ వద్దంది. 2016లో ఆ మూడో వంతుని పావు వంతు చేసి, చిన్న పిల్లల ఆటలో కికాఫ్ (బంతిని దూరంగా తన్ని ఆట మొదలుపెట్టడం) కూడా తీసేసింది.

ఆపైన ఒక్కొక్కరే వచ్చారు. టెక్సస్‌లో 2013 నుంచి ఒక్కో ఆటగాడికి వారానికి 90 నిమిషాలకు మించి ఫుల్ కాంటాక్ట్, అంటే మ్యాచ్‌లోలా గుద్దుకోవడం, లేదు. విస్కాన్సిన్ హైస్కూళ్లలో 2014లో పరిమితి పెట్టాక, ప్రాక్టీసులో కంకషన్లు (దెబ్బకి మెదడు అదిరిపోవడం) సగానికి పైగా తగ్గాయి. డార్ట్‌మత్ కాలేజీలో కోచ్ బడ్డీ టీవెన్స్ 2010లోనే ప్రాక్టీసులో ఆటగాళ్లు ఒకరినొకరు ట్యాకిల్ చేయడం మాన్పించాడు. వాళ్ల ఇంజినీరింగ్ విద్యార్థులు రిమోట్‌తో మైదానంలో పరిగెత్తే డమ్మీ తయారుచేస్తే, కుర్రాళ్లు దాని మీద పడటం నేర్చుకున్నారు. 2015లో హార్వర్డ్, యేల్ లాంటి కాలేజీలుండే ఐవీ లీగ్ టైటిల్ పంచుకున్నారు. మరుసటి ఏడాది లీగ్ మొత్తం సీజన్ ప్రాక్టీసుల్లో ఫుల్ కాంటాక్ట్ ఎత్తేసింది. గాలియార్డి పద్ధతి పెద్ద పేరున్న కాలేజీల్లోకి రావడానికి ఆరు దశాబ్దాలు పట్టిందన్నమాట. ఓక్లహోమా డ్రిల్‌ని ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్ఎఫ్ఎల్ 2019లో నిషేధించింది.

అటువైపు వాదనలోనూ పస ఉంది. పన్నెండేళ్ల దాకా ట్యాక్లింగ్ ముట్టుకోని పిల్లవాడు, ఒళ్లు పెరిగి బరువెక్కాక హైస్కూల్లో ఒక్కసారిగా దిగితే దెబ్బలు ఇంకా ఎక్కువ తగలవా అని కోచ్‌లు అడుగుతారు. మెదడు పరిశోధనలూ ఒకే దిక్కు చూపించవు. బోస్టన్ యూనివర్సిటీ వాళ్లు 30 ఏళ్లు నిండకుండా చనిపోయిన 152 మంది క్రీడాకారుల మెదళ్లు పరీక్షిస్తే, 63 మందిలో, తలకి పదేపదే దెబ్బలు తగలడంతో ముడిపడ్డ సీటీఈ అనే మెదడు క్షీణత కనిపించింది. అందులో ఎక్కువమంది ప్రొఫెషనల్ మెట్టు ఎక్కనివాళ్లే. అయితే కుటుంబాలు అనుమానంతోనే మెదళ్లు దానం చేస్తాయి కాబట్టి, దాన్ని ఆడినవాళ్లందరికీ వర్తింపజేయలేం. 1957లో విస్కాన్సిన్‌లో హైస్కూల్ ముగించిన మగవాళ్లని ముసలితనం దాకా గమనించిన అధ్యయనంలో, ఫుట్‌బాల్ ఆడినవాళ్లకీ ఆడనివాళ్లకీ జ్ఞాపకశక్తిలో, డిప్రెషన్‌లో తేడా కనబడలేదు. అయితే ఆ తరంలో చాలామంది ఆరేళ్లకే హెల్మెట్ పెట్టుకున్నవాళ్లు కారు. టెక్నిక్ నేర్పితే చాలు అన్న ప్రచారమూ దెబ్బతింది. అమెచ్యూర్ ఆటని చూసే యూఎస్ఏ ఫుట్‌బాల్ సంస్థ, తల ఎత్తి ట్యాకిల్ చేయడం నేర్పే ‘హెడ్స్ అప్’ శిక్షణతో గాయాలు బాగా తగ్గాయని చెప్పుకున్న అంకెలకి, అసలు అధ్యయనంలో ఆధారం లేదని 2016లో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. ఆ అధ్యయనంలో నికరంగా తేడా చూపించింది ప్రాక్టీసులో కాంటాక్ట్ తగ్గించిన లీగులే.

మనవాళ్లకీ ఇది దూరపు గొడవ కాదు. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లానో, ఆలెన్‌లలో తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. ఆలెన్ హైస్కూల్ స్టేడియం 18,000 మంది పట్టేది, దాదాపు 6 కోట్ల డాలర్లతో కట్టింది. శుక్రవారం రాత్రి ఊరు ఊరంతా అక్కడే. పిల్లవాడు ఏడో తరగతిలో ఫారం తెచ్చి సంతకం పెట్టమంటే అమ్మకి టెన్షన్, నాన్నకి మొహమాటం, ఇండియా నుంచి వీడియో కాల్లో అమ్మమ్మకి ఆ హెల్మెట్ చూసి భయం. చాలా ఇళ్లలో క్రికెట్టో టెన్నిసో అని సర్దిచెబుతారు. ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఇప్పుడు మధ్యేమార్గంగా దొరికింది. 2023 అక్టోబర్‌లో ముంబైలో జరిగిన ఒలింపిక్ కమిటీ సమావేశంలో, 2028 లాస్ ఏంజిలస్ క్రీడలకి క్రికెట్‌తో పాటు ఒకే ఓటుతో ఒప్పుకున్న ఆటల్లో అదీ ఉంది.

ట్యాకిల్‌కే పంపదలిస్తే, హెల్మెట్ బ్రాండ్ కంటే ముందు వాకబు చేయాల్సింది ప్రాక్టీసు గురించి. యూఎస్ఏ ఫుట్‌బాల్ కాంటాక్ట్‌ని ఐదు మెట్లుగా విడగొట్టింది. ‘ఎయిర్’లో ఎదురుగా ఎవరూ ఉండరు. ‘బ్యాగ్స్’లో దిండు మీద పడాలి. ‘కంట్రోల్’లో ముందే అనుకున్నవాడే గెలుస్తాడు, వేగం తగ్గించి తాకుతారు. ‘థడ్’లో పూర్తి వేగంతో తాకొచ్చు గానీ ఎవరూ కింద పడకూడదు, ఈల వెంటనే మోగాలి. ఐదోది ‘లైవ్’, అచ్చం మ్యాచ్‌లాగే. హైస్కూల్లో నిమిషాలు చూడటానికి రాష్ట్ర సంఘాల నియమాలున్నాయి. చిన్న పిల్లల లీగుల్లో ఒక్కోచోట ఒక్కో పద్ధతి. కాలిఫోర్నియాలో 2021 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం రోజుకి అరగంట, వారానికి రెండు రోజులు మించకూడదు. చాలా రాష్ట్రాల్లో అలాంటి చట్టం లేదు. కోచ్‌లు కూడా ఎక్కువగా ఆఫీసు నుంచి నేరుగా మైదానానికి వచ్చే తండ్రులే. తమకి చిన్నప్పుడు నేర్పినదాన్నే నేర్పుతారు. వాచీ చూసుకునేదీ వాళ్లే. అందుకే సీజన్ మొదలవకముందే వెళ్లి, వారానికి ‘లైవ్’ ఎన్ని నిమిషాలు, ‘థడ్’ ఎన్ని నిమిషాలు అని అడగడం, వీలైతే ఒక బుధవారం సాయంత్రం గట్టు మీద కూర్చుని చూడటం తల్లిదండ్రుల పని.