ఫిజికల్ జియాలజీ తీసుకున్న మన పిల్లలకు

చిరంజీవులకు అమ్మమ్మ ఆశీస్సులు.

ఈ ఫాల్‌లో మీరు కమ్యూనిటీ కాలేజీలో చేరుతున్నారనీ, ల్యాబ్ ఉన్న సైన్సు ఒకటి ఎలాగూ చదవాలి కాబట్టి ఫిజికల్ జియాలజీ తీసుకున్నారనీ మీ అమ్మలు ఫోన్లో చెప్పారు. "రాళ్ళ క్లాసంట, తేలికంట" అని కూడా అన్నారు. రిటైరై కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ వచ్చాక నేను చదివింది కూడా ఆ క్లాసే. అందుకే మీకు క్లాసులు మొదలయ్యేలోపు ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు కాలేజీ సంగతి. రెండేళ్ళ కమ్యూనిటీ కాలేజీ అంటే మన ఇళ్ళలో ఇంకా కాస్త చిన్నచూపు ఉంది. బంధువులు అడిగితే పెద్దవాళ్ళు మాట మార్చేస్తారు. మీరు మాత్రం నిక్షేపంగా చెప్పండి. కాలిఫోర్నియాలో ఇలాంటివి 116 ఉన్నాయి. ఈ రాష్ట్రంలో స్థిరపడ్డవాళ్ళకి యూనిట్‌కి, అంటే ఒక్కో క్రెడిట్‌కి, 46 డాలర్ల ఫీజు. ఎంట్రన్స్ పరీక్ష లేదు, వయసు అడ్డం కాదు. అందుకే కదా నాలాంటిదానికీ సీటు దొరికింది! క్లాసులు చిన్నవి. పాఠం చెప్పిన ప్రొఫెసరే ల్యాబ్‌లోనూ పక్కన నిలబడి చేయిస్తారు. మొదటి రెండేళ్ళు అంత దగ్గరగా చెప్పేవాళ్ళుంటే పిల్లలకి అంతకన్నా ఏం కావాలి? ఆ తర్వాత యూసీకో (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా), స్టేట్ యూనివర్సిటీకో ట్రాన్స్‌ఫర్ అవ్వొచ్చు.

ఇక ఆ "తేలిక" సంగతి. పేర్లు బట్టీపట్టి గట్టెక్కుదామనుకుంటే మొదటి ల్యాబ్ పరీక్షలోనే టెన్షన్ మొదలవుతుంది. బల్ల మీద పేరు లేని ముక్కలు వరసగా పెడతారు. వాటిని చూడగానే చాలామంది చేసేది ఫోన్లో చూసిన ఫొటో గుర్తు తెచ్చుకోవడం. రాళ్ళ దగ్గర అది పనిచేయదు. ఒకే ఖనిజం నాలుగు రంగుల్లో ఉంటుంది, నాలుగు ఖనిజాలు ఒకే తెలుపులో ఉంటాయి. నేను మీకు గట్టిగా చెప్పేది ఇదొక్కటే: పేరు చివర్లో రావాలి. ముందు చూడాలి, గీయాలి, విరిగిన తీరు గమనించాలి. ఇవన్నీ కాగితం మీద రాశాక పేరు దానంతటదే బయటికొస్తుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. మీ ముందు రెండు తెల్లటి ముక్కలున్నాయి. ఒకటి క్వార్ట్జ్, అంటే మన పలుగురాయి. రెండోది కాల్సైట్. ఒక్కోదాన్ని గాజుపలక మీద పెట్టి గట్టిగా గీయండి. గీత కనపడగానే అయిపోయిందనుకోవద్దు, వేలితో తుడవండి. తుడిస్తే పోయేది రాయి రాల్చిన పొడి, పోకుండా గోటికి తగిలేది గాజు మీద పడ్డ గీత. పలుగురాయి గాజుని గీస్తుంది, కాల్సైట్ గీయలేదు. మోస్ అనే ఆయన 1812లో వేసిన కాఠిన్యం వరసలో కాల్సైట్‌ది 3, క్వార్ట్జ్‌ది 7, గాజు సుమారు 5.5. మన గోరు 2.5 దగ్గర ఉంటుంది. తర్వాత విరిగిన అంచులు చూడండి. కాల్సైట్ పక్కకి ఒరిగిన డబ్బాలా నున్నటి ముఖాలతో విడిపోతుంది. పలుగురాయి గాజు పెంకులా వంపులు తిరిగి పగులుతుంది. చివరికి ప్రొఫెసర్ ఇచ్చిన పలచటి యాసిడ్ ఒక్క చుక్క వేస్తే కాల్సైట్ బుసబుసా పొంగుతుంది. తాండూరు బండలు, కడప బండలు పరిచిన ఇళ్ళలో నేలని యాసిడ్‌తో కడగొద్దని పెద్దవాళ్ళు అరిచేది అందుకే. అవి సున్నపురాళ్ళు, వాటిలో ఉన్నదీ ఎక్కువగా ఈ కాల్సైటే.

రంగుని నమ్మొద్దనడానికి హెమటైట్ అనే ఇనుప ఖనిజం చాలు. వెండిలా తళతళలాడే ముక్కనైనా తెల్లటి పింగాణీ బిళ్ళ మీద గీస్తే ఎర్రమట్టి రంగు గీత పడుతుంది. బంగారంలా మెరిసే పైరైట్ గీత నల్లగా, కొంచెం పచ్చ ఛాయతో వస్తుంది.

మీకు కొత్తవి అనిపించే ఈ రాళ్ళలో కొన్ని మన ఇళ్ళలో ఉన్నవే. నేను అక్షరాలు దిద్దింది మార్కాపురం పలక మీద. ఎప్పుడో నీటి అడుగున చేరిన బురద గట్టిపడి, తర్వాత భూమి ఒత్తిడికి రూపం మారితే పలకరాయి అయింది. పొరలు పొరలుగా చీలే ఆ గుణమే దాన్ని పలకని చేసింది. దాని మీద రాసిన రాతి బలపంలో ఉండే టాల్క్‌ది మోస్ వరసలో మొదటి అంకె. మెత్తనిది గట్టిదాని మీద అరిగితేనే అక్షరం పడుతుంది. రోజూ ఆ పరీక్ష చేస్తూనే పెరిగాం.

ఇంకొకటి మీరున్న చోటే చూడొచ్చు. ఇక్కడి మనవాళ్ళ వంటిళ్ళలో, పొయ్యి పక్కన నల్లటి బండలో రాగి రంగు చుక్కలు మెరుస్తుంటాయి చూశారా? దాన్ని బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ అంటారు. అది మన ప్రకాశం జిల్లా చీమకుర్తి నుంచి ఓడెక్కి వస్తుంది. కానీ జియాలజీ లెక్కలో అది గ్రానైట్ కాదు. గ్రానైట్ అనాలంటే క్వార్ట్జ్ బాగా ఉండాలి, ఫెల్డ్‌స్పార్ అనే లేత రంగు ఖనిజం ఉండాలి. ఇది గాబ్రో అనే ముదురు రంగు రాళ్ళ కుటుంబానిది. ఇందులో పైరాక్సిన్ అనే ముదురు రంగు ఖనిజం ఉంటుంది, మెరిసే చుక్కలు అందులోనే ఒక రకమైన బ్రాంజైట్. వ్యాపారంలో గట్టిగా ఉండి పాలిష్ పట్టే ప్రతి రాయినీ గ్రానైటే అంటారు, అందులో తప్పేం లేదు. మీరు మాత్రం పది రెట్లు పెద్దగా చూపించే చేతి లెన్స్ ఒకటి కొనుక్కుని దగ్గరగా చూడండి. ముందు లెన్స్‌ని కంటికి ఆనించి పెట్టుకోవాలి, ఆ తర్వాత రాయి దగ్గరికి వంగాలి. చాలామంది లెన్స్‌ని రాయి మీద పెట్టి దూరం నుంచి చూస్తారు, అలా ఏమీ కనపడదు. సరిగ్గా చూస్తే స్ఫటికాలు ఒకదాన్నొకటి కరుచుకుని ఉండడం కనిపిస్తుంది. అవి అంత పెద్దవిగా పెరిగాయంటే ఆ కరుగు, అంటే కరిగిన రాయి, భూమి లోతున చాలా నెమ్మదిగా చల్లారిందన్నమాట. అలాంటి కరుగే పైకి పొంగి త్వరగా చల్లారితే గింజలు కంటికి ఆనవు, బసాల్ట్ అవుతుంది. వికారాబాద్ వైపు కనిపించే నల్లటి దక్కన్ రాయి అలా సుమారు 6.6 కోట్ల ఏళ్ళ క్రితం పొంగిందే. గోల్డెన్ గేట్ బ్రిడ్జి దాటగానే మరిన్ హెడ్‌లాండ్స్‌ కొండల్లో ఉండే బసాల్ట్ సముద్రం అడుగున పొంగి, నీళ్ళు తగిలి గుండ్రటి ముద్దలుగా బిగుసుకుపోయింది. గింజ సైజు చూసి ఇంత కథ చెప్పగలగడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

మ్యాపుల పాఠం వచ్చినప్పుడు కొందరు డీలా పడతారు. జీపీఎస్‌తో పెరిగినవాళ్ళు కదా, ఎత్తులు చూపే గీతలు గజిబిజిగా కనిపిస్తాయి. ఒక్క సూత్రం పట్టుకోండి: ఆ గీతలు ఏటిని దాటేచోట మొనదేలి వంగుతాయి, ఆ మొన ఎప్పుడూ ఏటి ఎగువ వైపే చూపిస్తుంది. లెక్కలకి భయపడొద్దు, కూడికలు, భాగహారాలు, గ్రాఫు చదవడం వస్తే చాలు.

భూకంపాల పాఠాన్ని మాత్రం పరీక్ష కోసం చదవొద్దు. మనం కాపురం ఉంటున్నదే హేవార్డ్ ఫాల్ట్ పక్కన. ఫాల్ట్ అంటే భూమిలో రాయి పగిలి, ఇరువైపులా జరిగే చీలిక. 1868 అక్టోబర్ 21న అది కదిలినప్పుడు వచ్చిన భూకంపం తీవ్రత సుమారు 6.8. అప్పటి నుంచి అంత పెద్దది దాని మీద రాలేదు. ఫ్రీమాంట్ బార్ట్ రైలు స్టేషన్ పక్కనున్న మడుగు దగ్గర శాస్త్రవేత్తలు కందకాలు తవ్వి, తెగిన మట్టి పొరల్ని బట్టి పాత భూకంపాలు లెక్కగట్టారు. సగటున సుమారు 150 ఏళ్ళకి ఒకటి తేలింది. 1868కి 150 కలిపి చూడండి. పెద్ద భూకంపాల మధ్య కూడా ఆ ఫాల్ట్ ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు జరుగుతూనే ఉంటుంది. హేవార్డ్‌లో, ఫ్రీమాంట్‌లో ఫుట్‌పాత్ అంచులు వంకరపోయి కనపడేది అందుకే. ఇంట్లో బీరువాలు గోడకి బిగించారో లేదో మీరే చూడండి, మంచం కింద చెప్పుల జత, టార్చి పెట్టించండి. ఈ క్లాసు చదివి ఈ మాత్రం చేయకపోతే నాకు మనసుకి కష్టమవుతుంది.

మీ క్లాసుకి ఫీల్డ్ ట్రిప్ ఉంటే, ముఖ్యంగా పాయింట్ రేస్ అనే సముద్రతీరానికి ఉంటే, ఆ శనివారం ఏ పెళ్ళి పిలుపున్నా మానేయకండి. శాన్ ఆండ్రియాస్ ఫాల్ట్ అక్కడే నేల మీద కనిపిస్తుంది. 1906 భూకంపంలో ఒక కంచె రెండుగా తెగి, ఒక ముక్క సుమారు 5 మీటర్లు పక్కకి జరిగింది. ఆ చోటు గుర్తుగా కంచెని మళ్ళీ కట్టి ఉంచారు. ఆ ఏడాది కొలతలన్నీ చూసి రీడ్ అనే శాస్త్రవేత్త 1910లో తన సిద్ధాంతం చెప్పాడు. భూమి పైపొరలోని పెద్ద పలకలు ఏళ్ళ తరబడి నెడుతుంటే ఫాల్ట్‌కి ఇరువైపులా రాయి నెమ్మదిగా వంగుతుంది, తట్టుకోలేనంత అయ్యాక ఒక్కసారిగా జారి, వంపు పోయి తిన్నగా సర్దుకుంటుంది, ఆ జారుడే భూకంపం అని. పుస్తకంలో బొమ్మ చూస్తే అర్థమైనట్టే ఉంటుంది. ఆ రెండు కంచె ముక్కల మధ్య దూరం నడిచి చూస్తే వేరు.

టోపీ, నీళ్ళు, పెన్సిలు, గళ్ళ నోటుబుక్కు పట్టుకెళ్ళండి. ఫొటో తీసినా సరే, బొమ్మ మాత్రం చేత్తో గీయండి. గీసేటప్పుడు ఏ పొర ఏ పొరని కోసిందో కన్ను తప్పనిసరిగా వెతుకుతుంది. ఫొటోలో పక్కన పెన్ను పెట్టండి, రాయి ఎంత పెద్దదో తర్వాత తెలుస్తుంది. పాయింట్ రేస్ జాతీయ ఉద్యానవనాల శాఖ నేల, అక్కడ ఒక్క గులకరాయి కూడా జేబులో వేసుకోకూడదు. ఇంటికి రాయి కావాలంటే నా దగ్గర పలుగురాయి, కాల్సైట్, మార్కాపురం పలక ముక్క ఉన్నాయి. దసరాకి వచ్చినప్పుడు గాజుపలక కూడా తీసి పెడతాను.

ఉంటాను,
మీ అమ్మమ్మ