వెంట్రుక ఆలస్యంగా మోసుకొచ్చే కబురు

దువ్వెనలో చిక్కిన వెంట్రుకను ఒకదాన్ని తీసి, ముదురు రంగు గుడ్డ మీద పరిచి, దాని రెండు కొసలనూ పరీక్షగా చూడండి. ఒక కొసన గసగస గింజలో సగమైనా లేని తెల్లటి బొడిపె కనిపిస్తుంది. జబ్బు నుంచి లేచిన మనిషి ఆ బొడిపెను చూసి, జుట్టు కుదుళ్ళతో సహా ఊడి వచ్చేస్తోందని బెంబేలెత్తడం సహజం. నిజానికి అది కుదురు కాదు, పని ముగించుకున్న వెంట్రుక అడుగున గట్టిపడిన మొన. దాన్ని పుట్టించిన కుదురు చర్మం లోపల భద్రంగానే ఉంది; చాలాసార్లు అప్పటికే కొత్త వెంట్రుకను తయారుచేసుకుంటూ కూడా ఉంటుంది. జబ్బు వల్లనో మందుల వల్లనో జుట్టు రాలేటప్పుడు మనిషిని కుంగదీసే భయాల్లో చాలా భాగం ఇలాంటి చిన్న అపార్థాల మీదే నిలబడి ఉంటుంది కనుక, ఊరడింపు మాటల కన్నా ముందు వెంట్రుక నడవడిని తెలుసుకోవడం మేలు.

మన తల మీద సుమారు 1,00,000 కుదుళ్ళు ఉంటాయి. ప్రతి కుదురూ రెండు నుంచి ఆరేళ్ళ దాకా వెంట్రుకను నెలకు ఇంచుమించు ఒక సెంటీమీటరు చొప్పున పెంచి, రెండు మూడు వారాల్లో ఆ పని చాలించి, ఆపైన సుమారు మూడు నెలల పాటు విశ్రాంతి తీసుకుంటుంది. విశ్రాంతి ముగిసేసరికి పాత వెంట్రుక రాలి కొత్తది మొలుస్తుంది. ఆరోగ్యవంతుల తలలో ఏ రోజు చూసినా నూటికి పది కుదుళ్ళ దాకా విశ్రాంతిలో ఉంటాయి. అంటే దాదాపు 10,000 వెంట్రుకలు వంద రోజుల వ్యవధిలో రాలవలసి ఉంటుంది. రోజుకు వంద వెంట్రుకలు పోవడం మామూలే అని వైద్యులు చెప్పే మాట వెనుక ఉన్న లెక్క ఇదే. కుదుళ్ళన్నీ ఒకేసారి కాక వంతులవారీగా విశ్రమిస్తాయి కాబట్టి, ఏటా ఈకలు రాల్చే పక్షుల్లా మన తల ఒక్కసారిగా పలచబడదు.

తీవ్రమైన జబ్బు చెడగొట్టేది ఈ వంతులనే. టైఫాయిడ్, డెంగీ, కోవిడ్ వంటి జ్వరాలు విజృంభించినప్పుడు, పెద్ద శస్త్రచికిత్స జరిగినప్పుడు, బరువు అనూహ్యంగా తగ్గిపోయినప్పుడు, ఇంకా ఏళ్ళపాటు పెరగవలసిన వెంట్రుకల కుదుళ్ళు కూడా పని ఆపేసి విశ్రాంతిలోకి జారుకుంటాయి. ప్రాణం నిలబెట్టుకోవడానికి శరీరం సర్వశక్తులూ ఒడ్డుతున్న సమయంలో వెంట్రుక పెంపకం లాంటి పనులు వెనక్కి పోవడంలో ఆశ్చర్యం లేదు. అయితే ఆ రోజుల్లో తల మీద ఏ మార్పూ కనబడదు. రెండు మూడు నెలలు గడిచి, మనిషి కోలుకుని, పథ్యాలు మానేసి, మామూలుగా తిరుగుతున్న రోజుల్లో ఆ వెంట్రుకలన్నీ ఒక్కుమ్మడిగా రాలడం మొదలుపెడతాయి. విశ్రాంతిలో ఉన్నవి నూటికి ముప్పైకి చేరితే, పై లెక్క ప్రకారమే రోజుకు మూడు వందలు రాలాలి. అమెరికా చర్మవైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్‌మన్ 1961లో ఈ స్థితిని వర్ణించి దానికి టెలోజెన్ ఎఫ్లూవియం అని పేరు పెట్టాడు. కాన్పు తర్వాత రెండు నుంచి నాలుగు నెలలకు బాలింతల జుట్టు రాలడం కూడా ఈ కోవలోదే.

ఈ ఆలస్యమే అసలు చిక్కు. జుట్టు రాలుతున్నది ఈరోజు కాబట్టి కారణం కూడా ఈ వారంలోనే ఉండాలని మనసు పట్టుబడుతుంది. నిన్న మార్చిన షాంపూ మీదికో, కొత్త ఇంటి నీళ్ళ మీదికో, మొన్న మొదలైన మాత్ర మీదికో నెపం పోతుంది. చేయవలసింది క్యాలెండరులో మూడు నెలలు వెనక్కి వెళ్ళడం. అక్కడ ఒక జ్వరమో, ఆపరేషనో, ఆసుపత్రి మంచమో దొరికితే ప్రశ్న సగం తీరినట్టే. సాక్ష్యం కావాలంటే చేతిగోళ్ళలో కూడా వెతకవచ్చు. పెద్ద జబ్బు చేసినప్పుడు గోరు ఎదుగుదల కూడా కొన్నాళ్ళు ఆగి, ఆ ఆగిన చోట అడ్డంగా ఒక సన్నని గాడి పడుతుంది. ఫ్రెంచి వైద్యుడు జోసెఫ్ బో 1846లో వివరించిన ఈ గాళ్ళకు ఆయన పేరే స్థిరపడింది. చేతిగోరు నెలకు సుమారు మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది కనుక, గోటి మొదలు నుంచి గాడి దాకా కొలిస్తే జబ్బు ఎన్ని నెలల కిందట వచ్చిందో ఉజ్జాయింపుగా తేలుతుంది. జుట్టూ గోరూ చెప్పే తేదీలు ఒకటే అయితే ఇక షాంపూను నిర్దోషిగా వదిలేయవచ్చు.

ఇలా రాలడం సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల్లో దానంతట అదే తగ్గుముఖం పడుతుంది. ఈ గుణం రోగికి వరమైతే, అమ్మేవాళ్ళకు ఇంకా పెద్ద వరం. రాలడం బాగా ఎక్కువైన నాలుగో నెలలో మొదలుపెట్టిన ఏ నూనె అయినా, ఏ గుళిక అయినా ఏడో నెలకల్లా గెలిచినట్టే కనిపిస్తుంది. జుట్టు కోసమని అమ్మే గుళికల్లో తరచుగా ఉండే బయోటిన్ అనే విటమిన్ విషయంలో ఇంకో ప్రమాదం కూడా ఉంది. అధిక మోతాదులో తీసుకున్న బయోటిన్ కొన్ని రక్తపరీక్షల ఫలితాలను తారుమారు చేస్తుందని అమెరికా ఆహార ఔషధ నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరించింది. గుండెపోటును పట్టుకునే ట్రోపోనిన్ పరీక్ష ఫలితం తప్పుగా తక్కువ చూపడంతో బయోటిన్ వాడుతున్న ఒక రోగి మరణించిన ఉదంతాన్ని కూడా అప్పుడు పేర్కొంది. థైరాయిడ్ పరీక్షలు కూడా దీనివల్ల దారి తప్పవచ్చు. అసలు జుట్టు రాలడానికి కారణం థైరాయిడేమో అని పరీక్ష రాస్తే, జుట్టు కోసం మింగిన గుళికే ఆ పరీక్షను చెడగొట్టడం విడ్డూరం కాక మరేమిటి? విటమిన్ ఏ, సెలీనియం వంటివి మోతాదు మించితే అవే జుట్టు రాలుస్తాయి. శరీరంలో ఇనుము నిల్వలను తెలిపే ఫెర్రిటిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించి, లోటు ఉన్నట్టు తేలితే దాన్ని మాత్రం పూడ్చడం తెలివైన దారి. రాలుతుందన్న భయంతో తలస్నానం, దువ్వుకోవడం మానేయడం వల్ల ఒరిగేది లేదు. రాలవలసినవి పోగుపడి, తర్వాత తల రుద్దుకున్న రోజున గుప్పెడు చేతిలోకి వచ్చి గుండె ఝల్లుమనిపిస్తాయి, అంతే.

మందుల సంగతి దీనికన్నా చిక్కు. రక్తం గడ్డకట్టకుండా వాడే హెపారిన్, వార్ఫరిన్, మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్, మానసిక చికిత్సలో లిథియం, కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్, సోరియాసిస్‌కు ఎసిట్రెటిన్, రక్తపోటుకు వాడే కొన్ని బీటా బ్లాకర్లు కొందరిలో జుట్టును రాలుస్తాయి. ఇవి కూడా చాలావరకు కుదుళ్ళను విశ్రాంతిలోకి నెట్టే రకమే కాబట్టి, ఫలితం బయటపడటానికి ఇక్కడా రెండు మూడు నెలలు పడుతుంది. జబ్బూ మందూ ఒకేసారి మొదలైనప్పుడు ఏది కారణమో విడదీయడం తేలిక కాదు. చేసింది జ్వరమే అయినా నింద మోసేది మాత్ర కావడం తరచూ జరుగుతుంది. థైరాయిడ్ తక్కువైనా రాలుతుంది, దానికి వాడే మందు మోతాదు మించినా రాలుతుంది. ఈ తకరారును ఇంట్లో కూర్చుని తీర్చుకోబోయి మందు మానేయడం మాత్రం చేయకూడని పని. వాల్‌ప్రోయేట్ హఠాత్తుగా ఆపితే మూర్ఛలు తిరగబెట్టవచ్చు, వార్ఫరిన్ ఆపితే రక్తం గడ్డకట్టవచ్చు. ఈ రెండూ ప్రాణాపాయానికి దారితీయగలవు. మోతాదు తగ్గించడమో, అదే పని చేసే వేరే మందుకు మారడమో చాలా సందర్భాల్లో వీలవుతుంది కాబట్టి, జుట్టు రాలుతోందన్న ఫిర్యాదును చిన్నతనంగా భావించకుండా వైద్యుడి ముందు పెట్టాలి. జుట్టు మొలిపించడానికి ఇప్పుడు తలకు రాసే మినాక్సిడిల్ కూడా మొదట రక్తపోటు మాత్రే. దాన్ని మింగిన వాళ్ళకు అక్కరలేని చోట్ల కూడా వెంట్రుకలు మొలవడం చూసి, తలకు రాసే ద్రవంగా మార్చారు. మాత్రకు అమెరికాలో 1979లో అనుమతి వస్తే, తలకు రాసే మందుకు 1988లో వచ్చింది.

క్యాన్సర్‌కు ఇచ్చే కీమోథెరపీ దారి పూర్తిగా వేరు. ఇక్కడ కుదురు విశ్రాంతిలోకి వెళ్ళదు, పనిలో ఉండగానే దెబ్బ తింటుంది. వెంట్రుకను తయారుచేసే కణాలు శరీరంలో అతి వేగంగా విభజన చెందే కణాల్లో చేరతాయి. వేగంగా విభజన చెందే కణాలను చంపడానికే రూపొందిన డాక్సోరూబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్, పాక్లిటాక్సెల్, డోసెటాక్సెల్ వంటి మందులకు క్యాన్సర్ కణానికీ కుదురు కణానికీ తేడా తెలియదు. మందు ఎక్కిన కొద్ది రోజులకు కుదురులో తయారవుతున్న వెంట్రుక సన్నబడి, ఆ సన్నని చోట తెగిపోతుంది. అందుకే ఒకటి నుంచి మూడు వారాల్లోనే దిండు మీద జుట్టు కనబడుతుంది; రాలిన వెంట్రుక కొసన చాలావాటికి తెల్లటి బొడిపె ఉండదు, పెన్సిలు మొనలా కూసుగా ఉంటుంది. తల దాదాపు బోడి అయినా అక్కడక్కడ కొన్ని పోగులు మిగలడం చూస్తాం. మందు ఎక్కిన సమయానికి విశ్రాంతిలో ఉన్న ఆ పది శాతంలోనివే అవి; విభజన లేదు కాబట్టి దెబ్బ తగలలేదు. అన్ని కీమో మందులూ ఒకేలా రాల్చవు, కొన్ని పలచబరిచి వదిలేస్తాయి. తనకు ఇవ్వబోయే మందు ఏ రకమో మొదటి సెలైను ఎక్కక ముందే అడిగి తెలుసుకునే హక్కు రోగికి ఉంది. రేడియేషన్ అయితే కిరణాలు తాకిన చోటనే జుట్టు రాలుస్తుంది, మోతాదు ఎక్కువైతే ఆ చోట శాశ్వతంగా మొలవకపోవచ్చు.

కీమో వల్ల రాలడాన్ని కొంతమేరకు ఆపగల సాధనం ఒకటి ఉంది, అది చల్లదనం. మందు ఎక్కించడానికి సుమారు అరగంట ముందు మొదలుపెట్టి, ఎక్కుతున్నంతసేపూ, ఆ తర్వాత గంటన్నర దాకా కూడా, చల్లటి ద్రవం ప్రవహించే టోపీని తలకు బిగించి ఉంచుతారు. చలికి మాడు చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని కుదుళ్ళకు చేరే మందు తగ్గుతుంది, కుదురు కణాల పని కూడా మందగిస్తుంది. ఇలాంటి ఒక యంత్రానికి రొమ్ము క్యాన్సర్ రోగుల కోసం అమెరికాలో 2015 డిసెంబరులో అనుమతి లభించింది. 2017లో వెలువడిన రెండు అధ్యయనాల్లో ఒకదానిలో టోపీ పెట్టుకున్న 95 మందిలో 48 మందికి, మరొకదానిలో 101 మందిలో 67 మందికి సగానికి పైగా జుట్టు నిలిచింది. టోపీ పెట్టుకోని వారిలో అలా నిలిచినవారు రెండిట్లోనూ ఒక్కరూ లేరు. ఈ అంకెలు ఆశ కలిగించేవే కానీ, టోపీ పెట్టుకున్నవారిలో కూడా మూడో వంతు నుంచి సగం మందికి అది పనిచేయలేదని వాటిలోనే ఉంది. తలనొప్పి, వణుకు, ప్రతి విడతకూ అదనపు గంటలు భరించాలి. ల్యుకేమియా వంటి రక్తక్యాన్సర్లలో దీన్ని వాడరు. అక్కడ చర్మంతో సహా ఒళ్ళంతా మందు చేరడమే అవసరం.

ఆపలేనప్పుడు ఎదుర్కోవడం ఎలా? జుట్టు పోవడం అలంకారానికి సంబంధించిన చిన్న విషయమని ఎవరైనా అంటే నమ్మకండి. చెప్పదలచుకోని వారికి కూడా జబ్బు సంగతిని చాటేది అదే. ఆ భయంతోనే చికిత్సకు వెనకాడే రోగులు కూడా ఉన్నారు. పొడవాటి జుట్టును కీమో మొదలయ్యే ముందే పొట్టిగా కత్తిరించుకుంటే రాలేటప్పుడు చిక్కులూ తగ్గుతాయి, పోగుల రాశిని చూసే బాధా తగ్గుతుంది. విగ్గు పెట్టుకోదలచిన వారు జుట్టు ఉండగానే ఎంచుకుంటే రంగూ తీరూ సరిపోల్చుకోవడం సులువు. రాలే రోజుల్లో మాడు నొప్పిగా, మంటగా ఉండటం మామూలే కాబట్టి గరుకు గుడ్డల కన్నా మెత్తటి నూలు గుడ్డ హాయి. ఎండకు బోడితల త్వరగా కమిలిపోతుందనీ, చలికి ఒంటి వేడి అక్కడి నుంచి పోతుందనీ మరవకూడదు. కనురెప్పల వెంట్రుకలు రాలితే దుమ్ము పడి కళ్ళు మండుతాయి, సాదా కళ్ళద్దాలు పెట్టుకుంటే కొంత రక్షణ. ముక్కులోని వెంట్రుకలు పోతే జలుబు లేకుండానే ముక్కు కారుతుంది. ఈ సంగతి ముందుగా చెప్పేవారు తక్కువ కనుక చాలామంది కంగారు పడతారు. కనుబొమలు తలకన్నా ఆలస్యంగా, ఒక్కోసారి చికిత్స ముగిశాక కూడా రాలవచ్చు.

వేచి చూడకూడని రకాలు కూడా ఉన్నాయి. నాణెం పెట్టి గీసినట్టు గుండ్రంగా ఊడే జబ్బును మనం పేనుకొరుకుడు అంటాం కానీ, అందులో పేల ప్రమేయం ఏమీ లేదు. సొంత రోగనిరోధక వ్యవస్థే కుదుళ్ళ మీద దాడి చేస్తుంది. అది తీవ్రమైన వారి కోసం బారిసిటినిబ్ అనే మాత్రకు 2022లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఊడిన చోట చర్మం ఎర్రబడటం, పొలుసులు, చీము, నొప్పి ఉన్నా, కుదుళ్ళ రంధ్రాలే కనబడకుండా నున్నగా మచ్చ కట్టినా వెంటనే చర్మవైద్యుడికి చూపించాలి. మచ్చ కట్టిన చోట కుదురు తిరిగి రాదు.

కీమో ముగిసిన కొద్ది వారాలకు తల మీద నూగు తేలుతుంది, మూడు నుంచి ఆరు నెలల్లో జుట్టు అనిపించుకునే స్థాయికి వస్తుంది. తిన్నని జుట్టు గలవారికి మొదట ఉంగరాలు తిరిగి మొలవడం, రంగు మారడం కద్దు. తర్వాత చాలామందికి మునుపటి తీరే వస్తుంది. డోసెటాక్సెల్ వాడిన వారిలో కొద్దిమందికి మాత్రం జుట్టు పూర్తిగా తిరిగి రాని సందర్భాలు నమోదయ్యాయి. జ్వరం వల్ల రాలిన వారికి మార్పు ఇంత స్పష్టంగా తెలియదు. రాలడం తగ్గాక కూడా నెలకు సెంటీమీటరు చొప్పున పెరిగి జడలో కలవడానికి ఏడాది, రెండేళ్ళు పడుతుంది కాబట్టి, ఏమీ మొలవడం లేదనే అనిపిస్తుంది. అలాంటప్పుడు అద్దం ముందు తల వంచి, పాపిడి మీద పక్కనుంచి వెలుతురు పడేలా చూసుకోవాలి. పొడవాటి వెంట్రుకల మధ్య రెండు మూడు సెంటీమీటర్ల పొట్టివి నిక్కబొడుచుకుని నిలబడి ఉంటే, వాటి కొసలను పరీక్షగా చూడాలి. కొస మొద్దుగా ఉంటే అది తెగిన పాత వెంట్రుక. సూదిలా సన్నబడి ఉంటే అది కుదురు నుంచి కొత్తగా వచ్చింది.