పసుపు పేటెంటు వెనుక కథ

పసుపుతో గాయాలను మాన్పవచ్చన్న సంగతిని అమెరికా పేటెంటు కార్యాలయం 1995 మార్చి 28న కొత్త ఆవిష్కరణగా గుర్తించి, 54,01,504 నంబరు పేటెంటును మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి ఇచ్చింది. పసుపు పొడిని పుండు మీద చల్లినా, కడుపులోకి ఇచ్చినా, గాయం మానడానికే అయితే అది ఆ పేటెంటు పరిధిలోకి వచ్చేది. దరఖాస్తు చేసిన పరిశోధకులిద్దరూ భారతీయ మూలాలున్నవారే కావడం విడ్డూరం.

కత్తిపీటకు వేలు తెగితే పోపులపెట్టె తెరిచి చిటికెడు పసుపు అద్దడం మన ఇళ్లలో ఎవరూ నేర్పనక్కర్లేని పని. (లోతైన గాయానికి అది చాలదన్నది వేరే మాట.) కానీ ఆనాటి అమెరికా చట్టం ప్రకారం, పరాయి దేశంలో ఒక పద్ధతి వాడుకలో ఉన్నంత మాత్రాన అది పాతదని రుజువైనట్లు కాదు, అక్కడ అది అచ్చులోనైనా ఉండాలి, పేటెంటైనా పొంది ఉండాలి. కాబట్టి తగవంతా పసుపు పనిచేస్తుందా లేదా అన్నదాని మీద కాక, ఆ మాట ఎక్కడ రాసి ఉందన్నదాని మీదే నడిచింది.

రఘునాథ్ మశేల్కర్ సారథ్యంలోని భారత ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్ 1996 అక్టోబరులో పునఃపరిశీలన కోరుతూ, సంస్కృత గ్రంథాల నుంచి 1953 నాటి భారత వైద్య సంఘం పత్రికలోని వ్యాసం దాకా 32 ఆధారాలు వెదికి సమర్పించింది. 1997 ఆగస్టులో నిర్ణయం భారత్‌కు అనుకూలంగా వచ్చింది, మరుసటి ఏడాది రద్దు లాంఛనం పూర్తయింది.

ఈ అనుభవంతోనే 2001లో సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం మొదలై, ఆయుర్వేద, యునాని, సిద్ధ గ్రంథాల్లోని ఔషధ యోగాలను ఇంగ్లిష్, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, జపనీస్ భాషల్లో పేటెంటు పరిశీలకులకు అందుబాటులోకి తెచ్చింది. అయితే దానికి ఆధారం గ్రంథమే. చేలగట్ల మీద మొలిచే గడ్డిచామంతినే చూడండి: కొడవలికి తెగినచోట దాని ఆకు నలిపి పసరు పిండుతారు కనుకనే దానికి గాయపాకు అన్న పేరు వచ్చింది. ఆ మొక్క పుట్టిల్లు అమెరికా ఖండపు ఉష్ణప్రాంతం; చరక సుశ్రుతుల కాలానికి అది ఈ నేల మీదే లేదు. దాని గుణం తెలిసింది శ్లోకంతో కాదు, కూలిపనికి వెళ్లినవారి చేతి వాడుకతో. అలాంటి వాడుక ప్రపంచంలో ఎక్కడున్నా లెక్కలోకి తీసుకునేలా అమెరికా తన చట్టాన్ని 2011లో సవరించింది. అది 2013 మార్చి 16 నుంచి అమల్లోకి వచ్చింది.