మంచులో దిగబడ్డ అడుగు

మంచు బాగా కురిసిన కొండదారిలో వట్టి బూట్లతో నడిస్తే నాలుగడుగులు బాగానే పడతాయి. అయిదో అడుగు తొడదాకా దిగబడుతుంది. కాలు పైకి లాక్కున్నాక మిగిలే గుంత, స్తంభం పాతడానికి తవ్వినట్టు నిలువుగా ఉంటుంది. అమెరికాలో కొండలెక్కేవాళ్లు దాన్ని పోస్ట్‌హోల్ అంటారు. ఆ గుంతలు చూస్తే అక్కడి పాతకాపులకు ఒళ్లు మండుతుంది. ఆ కోపం న్యాయమైనదేనని, ఎవరో వదిలేసిన గుంతలో నా మోకాలు బెణికాక నాకు తెలిసింది.

అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం ఉత్తర భాగంలో ఉన్న ఆడిరాండాక్ కొండల్లో ఎత్తయినది మౌంట్ మార్సీ, 1,629 మీటర్లు. ఎత్తులో మన అరకు, పాడేరు వైపు పెద్ద కొండల్లాంటిదే. కానీ చలికాలంలో అక్కడ మనిషి లోతు మంచు పేరుకుంటుంది. ఆ కొండల్లోని హై పీక్స్ ప్రాంతంలో 8 అంగుళాలు, అంతకు మించి మంచు ఉంటే స్నోషూలో (బూటు కింద బిగించుకునే వెడల్పాటి చట్రాలు) స్కీలో (మంచు మీద జారే పొడవాటి పట్టీలు) తొడుక్కునే నడవాలి. అది రాష్ట్రం పెట్టిన నిబంధన.

దాని వెనక ఉన్నది చిన్న లెక్క. కొత్తగా కురిసిన పొడిమంచులో పదింట తొమ్మిది పాళ్లు గాలే. వీపున సంచితో 80 కిలోలున్న మనిషి బూటు అడుగు సుమారు 250 చదరపు సెంటీమీటర్లు, స్నోషూ అడుగు సుమారు 1,200. అంటే అదే బరువు దాదాపు అయిదు రెట్ల జాగా మీద పరుచుకుంటుంది. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టర్‌కు కేజ్ వీల్స్ బిగించేది కూడా చక్రం బురదలో కూరుకుపోకుండానే కదా.

అసలు విశేషం అడుగు పడ్డ తర్వాత జరుగుతుంది. ఐస్ ముక్కల్ని గిన్నెలో పోసి నాలుగు రోజులు ఫ్రీజర్‌లో వదిలేస్తే, కరక్కపోయినా ఒకదానికొకటి అంటుకుని ముద్దవుతాయి. మైనస్ 10 డిగ్రీలంటే మనకు భయంకరమైన చలి. మంచుకు మాత్రం అది కరిగే స్థాయికి చాలా దగ్గర. అందుకే దాని అణువులు కదులుతూనే ఉంటాయి, రెండు రేణువులు తాకిన చోటికి చేరి అక్కడ సన్నటి మెడలాంటి అతుకు వేస్తాయి. స్నోషూ తొక్కినప్పుడు రేణువులు విరిగి దగ్గరవుతాయి, తాకే చోట్లు పెరుగుతాయి, ఒక్క రాత్రిలో దారి గట్టిపడుతుంది. ముందు వెళ్లినవాళ్లు చెమటోడ్చి తొక్కిన బాట మర్నాడు వచ్చేవాళ్లకు రోడ్డులా పనికొచ్చేది ఇందువల్లే.

గుంత కూడా అలాగే గట్టిపడుతుంది. దాని అంచులు రాయిలా మారతాయి, పైన రెండంగుళాల కొత్త మంచు పడితే అసలు కనబడదు. స్కీ మీద దిగేవాడి కాలు అందులో ఇరుక్కుంటే ఎముక విరగొచ్చు.

ఎక్కువ గుంతలు పడేది మధ్యాహ్నం దిగేటప్పుడని నా అనుభవం. పొద్దున గట్టిగా ఉన్న దారి ఎండకు మెత్తబడుతుంది. అప్పటికే స్నోషూలు విప్పి సంచికి కట్టేసుకుని ఉంటారు. మడమ దిగబడటం మొదలైందంటే అక్కడే ఆగి మళ్లీ తొడుక్కోవాలి, ఎంత అలసిపోయినా సరే. ఎదురొచ్చినవాళ్లకు తప్పుకునేటప్పుడూ స్నోషూలు విప్పకూడదు, పక్కన మంచు తొక్కి చోటు చేసుకుని నిలబడాలి. చిన్న స్ప్రూస్ చెట్ల దగ్గరికి మాత్రం జరగొద్దు. మంచులో మునిగిన కొమ్మల కింద బోలుగా ఉంటుంది, నడుం దాకా కూరుకుపోయిన మనిషి ఒంటరిగా బయటపడటం చాలా కష్టం. కొత్త మంచులో ముందు నడవడం అన్నిటికన్నా కష్టమైన పని, కాబట్టి వంతులేసుకోవాలి. వెనకవాళ్లు ముందువాళ్ల అడుగుల్లోనే అడుగు వేయకుండా వాటి మధ్య మెత్తటి చోట తొక్కుతూ పోతే బాట చదునవుతుంది.

ఇంత జాగ్రత్తపడ్డా ఎప్పుడో ఒకప్పుడు కాలు దిగబడుతుంది. అప్పుడు వెనక్కి తిరిగి, పక్కనున్న మంచు గుంతలోకి తోసి, స్నోషూతో నాలుగుసార్లు గట్టిగా తొక్కండి. తెల్లారేసరికి అది అతుక్కుంటుంది.