మేము పిల్లల్ని చూసిపెట్టేవాళ్ళం కాదు: దత్తత పనిలో అపోహలు, వాస్తవాలు

దత్తత విభాగంలో సోషల్ వర్కర్‌గా పనిచేస్తున్నానని చెప్పగానే ఎదుటివాళ్ళ నుంచి సాధారణంగా రెండు మాటల్లో ఒకటి వస్తుంది. "ఎంత పుణ్యం చేసుకున్నారో!" అన్నది ఒకటి. కాస్త గొంతు తగ్గించి, "మా వాళ్ళలో ఒకరికి పాప కావాలి, త్వరగా అయ్యేలా చూస్తారా?" అన్నది రెండోది. పుణ్యం సంగతి నాకు తెలియదు, ఇది జీతం తీసుకుని చేసే ఉద్యోగం. రెండో మాటకు మాత్రం నిలబడి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేను.

అపోహ: పిల్లలు లేనివాళ్ళకు బిడ్డను చూసిపెట్టడమే మీ పని

కాదు. బిడ్డకు కుటుంబాన్ని వెతకడం మా పని. రెండూ ఒకటేగా అనిపిస్తుంది గానీ మా రోజువారీ పని మొత్తం ఈ తేడా మీదే నడుస్తుంది. 1989లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో ఒక చిన్న విశేషం ఉంది. పిల్లలకు సంబంధించిన మామూలు నిర్ణయాల్లో బిడ్డ మేలు ముఖ్యంగా చూడవలసిన వాటిలో ఒకటి అంటుంది మూడో అధికరణం. దత్తత గురించి చెప్పే 21వ అధికరణానికి వచ్చేసరికి, బిడ్డ మేలే అన్నిటికన్నా ముఖ్యం అంటుంది. అంటే పెద్దవాళ్ళ కోరిక, వాళ్ళు ఎన్నేళ్ళుగా ఎదురుచూస్తున్నారన్నది, చివరికి మా సంస్థ పేరు ప్రతిష్ఠలు కూడా ఆ తర్వాతే.

ఇది చెప్పడానికి బాగుంటుంది, చేయడానికి కష్టం. గట్టిగా తలుపు వేసినా ఉలిక్కిపడే ఆరేళ్ళ పిల్ల ఒకతి ఉండేది. ఎక్కువ కాలంగా ఎదురుచూస్తున్న కుటుంబం చాలా మంచిది, కానీ పదిమంది వచ్చిపోయే సందడి ఇల్లు. ఆ పిల్ల వాళ్ళ తర్వాత దరఖాస్తు చేసిన, ఇద్దరే ఉండే నిశ్శబ్దమైన ఇంటికి వెళ్ళింది. మొదటి కుటుంబం వాళ్ళు "మాలో లోపమేమిటి?" అని అడిగారు. లోపమేమీ లేదు. వరస ప్రకారం పేర్లు వచ్చే పద్ధతి ఉన్నచోట కూడా, ఈ బిడ్డకు ఈ ఇల్లు సరిపోతుందా అని ఎవరో ఒకరు ఆగి ఆలోచించాల్సిందే.

అపోహ: ఆశ్రమాల నిండా అనాథలే కదా, ఇవ్వడానికి ఏం అడ్డం?

ప్రపంచవ్యాప్తంగా ఇలాంటి సంస్థల్లో పెరుగుతున్న పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో, కనీసం ఒకరు, బతికే ఉన్నారు. పేదరికం, జబ్బు, ఇంట్లో హింస, చదువు, కారణాలు రకరకాలు. పేదరికం ఒక్కటే కారణంగా బిడ్డను తల్లిదండ్రుల నుంచి వేరు చేయకూడదని, అన్నదమ్ములను, అక్కచెల్లెళ్ళను వీలైనంతవరకు విడదీయకూడదని 2009లో ఐక్యరాజ్య సమితి మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి. కాబట్టి ఫైలు తెరవగానే మేము దత్తత కోసం చూడం. తల్లి ఎక్కడుంది, అమ్మమ్మ ఉందా, బాబాయి పెంచగలడా అని తిరుగుతాం. బిడ్డ అమ్మమ్మ దగ్గరికి వెళ్ళిపోతే మాకది మంచి రోజు. బయట ఎదురుచూసేవాళ్ళకు మాత్రం అదంతా ఆలస్యంలా కనిపిస్తుంది.

ఇంకో సంగతి. దరఖాస్తు పెట్టేవాళ్ళు ఎక్కువగా అడిగేది నెలల బిడ్డను. ఇంటి కోసం ఎదురుచూసేవాళ్ళలో ఏడేళ్ళ పిల్లాడు, వాడితో తోడుగా మూడేళ్ళ చెల్లెలు, వినికిడి లేని పాప కూడా ఉంటారు.

అపోహ: కన్నతల్లి వదిలించుకుంది

ఈ మాట వింటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. బిడ్డను అప్పగిస్తూ తల్లి సంతకం పెట్టే గదిలో కూర్చున్నవాళ్ళెవరూ ఆ మాట అనరు.

కన్నతల్లితో మాట్లాడటం మా పనిలో ఎవరికీ కనిపించని భాగం. ఒప్పించడానికి కాదు, ఆపడానికీ కాదు. ఇది ఆమె సొంత నిర్ణయమేనా, ఎవరైనా తోశారా, బిడ్డను దగ్గరే ఉంచుకోవడానికి దారులు ఉన్నాయని ఆమెకు తెలుసా అన్నది తేల్చుకోవడానికి. వేరే దేశాలకు వెళ్ళే దత్తతల మీద 1993లో కుదిరిన హేగ్ ఒప్పందం ప్రకారం, తల్లి అంగీకారం బిడ్డ పుట్టాకే తీసుకోవాలి, దాని వెనక డబ్బు ఉండకూడదు. ఇంగ్లండ్‌లో బిడ్డకు ఆరు వారాలు నిండకముందు తల్లి ఇచ్చిన అంగీకారం చెల్లదు. భారతదేశంలో 2015 బాలల న్యాయ చట్టం బిడ్డను అప్పగించిన తల్లిదండ్రులకు మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువు ఇస్తుంది. ఈ గడువులు ఊరికే పెట్టినవి కావు. ఆస్ట్రేలియాలో పెళ్ళికాని తల్లుల నుంచి బలవంతంగా బిడ్డలను తీసుకున్న దశాబ్దాల చరిత్రకు 2013 మార్చి 21న అప్పటి ప్రధాని జూలియా గిలార్డ్ దేశం తరఫున క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. ఆ తల్లుల ఎదురుగా కాగితాలు పట్టుకుని కూర్చున్నవాళ్ళలో మా వృత్తివాళ్ళూ ఉన్నారు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళకు నేను మొదట చెప్పేది ఇదే.

గడువులోగా వెనక్కి వచ్చి బిడ్డను తీసుకెళ్ళిన తల్లులు ఉన్నారు. గడువు చివరి రోజు దాకా ఫోన్ చేసి "పాలు తాగుతోందా" అని మాత్రం అడిగి పెట్టేసిన తల్లీ ఉంది. వదిలించుకోవడం అంటే ఇదేనా?

అపోహ: హోమ్ స్టడీ అంటే ఇంటి తనిఖీ

బిడ్డను ఇచ్చేముందు ఆ కుటుంబం గురించి తెలుసుకోవడానికి మేము చేసే పరిశీలనే హోమ్ స్టడీ. మేము వస్తున్నామంటే ఇల్లంతా కడిగి, కొత్త దుప్పట్లు పరిచి, కొందరైతే బొమ్మలు కూడా సర్ది పెడతారు. ఆ టెన్షన్ చూస్తే నాకే ఇబ్బందిగా ఉంటుంది. ఇంట్లో మేము చూసేది కొంచెమే. మందులు పిల్లల చేతికి అందేచోట ఉన్నాయా, పిట్టగోడ ఎత్తు ఎంత, బిడ్డ ఎక్కడ పడుకుంటుంది. ఆరోగ్యం, ఆదాయం, పోలీసు విచారణ కాగితాల్లో తేలిపోతాయి. మిగతాదంతా మాటలే. ఇద్దరితో కలిపి, ఆ తర్వాత విడివిడిగా, ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళతో, ముందే పిల్లలుంటే వాళ్ళతో.

ఏం అడుగుతామంటే, మీ ఇద్దరికీ గొడవైతే ముందు ఎవరు మాట్లాడతారు? చిన్నప్పుడు మిమ్మల్ని ఎలా దండించేవారు, దానిమీద ఇప్పుడు మీ అభిప్రాయం ఏమిటి? బిడ్డ చదువులో వెనకబడితే చుట్టాలకు ఏం చెబుతారు? పిల్లలు పుట్టలేదన్న బాధ ఎంతవరకు తగ్గింది? ఈ చివరి ప్రశ్నకు "మాకు బాధేం లేదండీ" అని తడుముకోకుండా చెప్పేవాళ్ళ దగ్గర నేను ఇంకాస్సేపు కూర్చుంటాను. "ఇప్పటికీ ఎవరి చేతిలోనైనా పసిబిడ్డ కనిపిస్తే ముఖం తిప్పుకుంటాను" అన్నావిడ గురించి నాకు దిగులు లేదు. తన దుఃఖం ఎక్కడుందో ఆమెకు తెలుసు, బిడ్డ నెత్తిన పెట్టదు.

విడిగా మాట్లాడటం ఎందుకని కొందరు చిరాకుపడతారు. ఒకసారి భర్త ఉన్నంతసేపూ తలూపుతూ కూర్చున్నావిడ, ఆయన బయటికి వెళ్ళాక "నాకు ఇష్టం లేదు, చెప్పలేకపోతున్నాను" అంది. ఆ ఫైలు అక్కడే ఆపాం. ఆయనకు కారణం పూర్తిగా చెప్పలేం, తిట్లు మేమే తిన్నాం.

సొంత ఇల్లు అక్కర్లేదు. పెద్ద జీతం అక్కర్లేదు. చాలా దేశాల్లో ఒంటరివాళ్ళకూ చట్టం దారి ఇస్తుంది. డబ్బు ఇబ్బందో, పాత జబ్బో, విడాకులో ఉంటే అది కాదు సమస్య, దాచిపెడితే సమస్య.

అపోహ: దత్తత తీసుకుంటే ఆ తర్వాత సొంత బిడ్డ పుడుతుంది

అలా పుట్టిన ఒక్క ఇల్లు అందరికీ గుర్తుంటుంది, పుట్టని ఇళ్ళ గురించి ఎవరూ చెప్పుకోరు. లెక్కలు తీసి చూసినవాళ్ళకు అలాంటి సంబంధమేమీ కనబడలేదు. ఆ ఆశతో వచ్చేవాళ్ళకు నేను సూటిగా చెబుతాను, ఇంకొంత కాలం ఆగమని.

అపోహ: పసిబిడ్డకేం తెలుస్తుంది, ప్రేమ ఉంటే అన్నీ సర్దుకుంటాయి

ప్రేమ కావాలి. కానీ ప్రేమ అంటే మనకు తెలిసినదే ఆ బిడ్డకూ తెలిసి ఉండాలని లేదు. రుమేనియాలో 2000 తర్వాత బుఖారెస్ట్‌లోని సంస్థల్లో ఉన్న 136 మంది చిన్నపిల్లల మీద ఏళ్ళ తరబడి ఒక అధ్యయనం చేశారు. చీటీ వేసినట్టుగా ఎంపిక చేసి సగం మందిని శిక్షణ ఇచ్చిన కుటుంబాల్లో పెంచారు. కుటుంబాల్లోకి వెళ్ళిన పిల్లలు తెలివితేటల్లోనూ, మనిషికి దగ్గరవడంలోనూ మెరుగయ్యారు, అందులోనూ రెండేళ్ళలోపు వెళ్ళినవాళ్ళు ఎక్కువగా కోలుకున్నారు. అంటే మొదటి నెలలు లెక్కలోకి వస్తాయి, కోలుకోవడమూ సాధ్యమే. "దత్తత పిల్లలు చెడిపోతారు" అనేవాళ్ళకూ ఒక మాట. విదేశాలకు దత్తత వెళ్ళిన పిల్లల మీద వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి 2005లో నెదర్లాండ్స్ పరిశోధకులు చూస్తే, వాళ్ళలో ఎక్కువమంది బాగానే ఉన్నారని తేలింది. మానసిక వైద్య సేవల దగ్గరికి మాత్రం మిగతా పిల్లలకన్నా ఎక్కువగా వెళ్తున్నారు.

ఇంట్లో ఇది ఎలా కనిపిస్తుందో చెబుతాను. దిండు గలీబులో తిండి దాచుకుంటారు. "ఇంత పెడుతున్నా దొంగబుద్ధి పోలేదు" అని ఫోన్ వస్తుంది. దొంగబుద్ధి కాదది, రేపు ఉంటుందో లేదో అన్న భయం. తిట్టకుండా, అందే ఎత్తులో ఎప్పుడూ తినేదేదో ఒకటి గిన్నెలో పెట్టి ఉంచమంటాం. గిన్నె ఎప్పుడూ ఖాళీగా ఉండదన్న నమ్మకం కుదరడానికి నెలలు పట్టొచ్చు. అలాగే వచ్చిన రోజే ఎవరి దగ్గరికైనా వెళ్ళి ఒళ్ళో కూర్చునే పిల్లను చూసి "ఎంత కలుపుగోలుదో" అని మురిసిపోతారు. నేను మురవను. అందరూ ఒకటే అనుకునే బిడ్డకు ఇంకా తనవాళ్ళంటూ ఎవరూ లేరని అర్థం. కొన్నాళ్ళకు ఆ పిల్లే కొత్తవాళ్ళను చూసి అమ్మ వెనక దాక్కుంటే, తల్లి కంగారుపడుతుంది, నేను సంతోషిస్తాను.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, దంపతులకు సెలవు అయిపోతోందని నాలుగేళ్ళ బాబును మూడు పరిచయాలకే ఇంటికి పంపేశాను. వాడు దాదాపు నెలన్నర నోరు విప్పలేదు. పెంచిన ఆయమ్మ నుంచి సరిగ్గా సెలవు కూడా తీసుకోనివ్వలేదు నేను. ఇప్పుడైతే ఆమె తన చేత్తో వాణ్ణి కొత్త అమ్మకు అందించాలి, ఆమె వాడిన దుప్పటి ఉతకకుండా వాడితో వెళ్ళాలి, ఆ వాసన కొన్నాళ్ళు పక్కన ఉండాలి. సెలవు అయిపోతే అయిపోనీ.

తల్లుల గురించి కూడా. కనకుండానే తల్లయినా, బిడ్డ వచ్చాక కుంగుబాటు రావచ్చు. "ఇన్నేళ్ళు ఎదురుచూసి ఇప్పుడు ఏడుస్తున్నానని ఎలా చెప్పను?" అని దాచుకుంటారు. చెప్పండి. అలా చెప్పినందుకు బిడ్డను వెనక్కి తీసుకోం, సాయం చేస్తాం. ఇంటికి వచ్చి మేము రాసే రిపోర్టులు ఉన్నది అందుకే.

అపోహ: పెద్దయ్యాక మెల్లగా చెబుదాం

పద్దెనిమిదేళ్ళకు చెబితే అది నిజం చెప్పడం కాదు, ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పామని ఒప్పుకోవడం. అర్థం కాని వయసు నుంచే చెప్పాలి. ఒళ్ళో పాప ఉన్నప్పుడే "నువ్వు ఇంకో అమ్మ కడుపులో పెరిగావు, ఆ తర్వాత మా దగ్గరికి వచ్చావు" అని చెబుతూ ఉంటే ముందు మీ గొంతు వణకడం తగ్గుతుంది. బిడ్డకు ఊహ తెలిసేసరికి అది పాత కబురవుతుంది. మాటల దగ్గర కొంచెం జాగ్రత్త. "అసలు అమ్మ" అంటే మీరు నకిలీ అయిపోతారు, కన్నతల్లి అనండి చాలు. అల్లరి చేసిన పిల్లల్ని "నిన్ను తవుడు పోసి కొన్నాం" అని ఆటపట్టించడం మనకు అలవాటు. ఆ హాస్యం ఈ ఇంట్లో వద్దు. ఈ బిడ్డ దాన్ని నిజమనుకుని రాత్రంతా ఆలోచిస్తుంది.

అపోహ: దత్తత ఉత్తర్వు చేతికొస్తే మీ పని అయిపోయినట్టే

పెద్దవాళ్ళకు అక్కడితో అయిపోతుంది. బిడ్డకు అప్పుడే మొదలవుతుంది. తన పుట్టుక గురించి తెలుసుకునే హక్కు కొత్తగా పుట్టిందేమీ కాదు. స్కాట్లాండ్‌లో 1930 చట్టం నుంచే దత్తత పిల్లలు 17 ఏళ్ళు దాటాక తమ మూల జనన వివరాలు చూడగలిగారు. ఇంగ్లండ్‌లో అది 1975 చట్టంతో వచ్చింది. హేగ్ ఒప్పందం 30వ అధికరణం బిడ్డ మూలాల సమాచారాన్ని భద్రపరచమని చెబుతుంది. భద్రపరచకపోతే ఏమవుతుందో దక్షిణ కొరియాలో చూశాం. దశాబ్దాల పాటు లక్ష మందికి పైగా పిల్లలను విదేశాలకు పంపిన ఆ వ్యవస్థలో, తల్లిదండ్రులు ఉన్నవాళ్ళను కూడా అనాథలుగా రాశారని అక్కడి సత్య నిర్ధారణ కమిషన్ 2025 మార్చిలో తేల్చింది. తమ ఫైలు తెరిచి చూస్తే వేరొకరి కథ కనబడినవాళ్ళు ఉన్నారు.

దత్తత వెళ్ళిన పిల్లలు పెద్దయ్యాక మా దగ్గరికీ వస్తారు, ఇరవైల్లోనో ముప్పైల్లోనో. సినిమాల్లోలాగా అందరూ కన్నతల్లిని కలవాలని రారు. వచ్చినవాళ్ళను చూసి పెంచినవాళ్ళు "మాలో ఏం తక్కువైంది" అని కుమిలిపోతుంటారు, వాళ్ళతోనూ విడిగా కూర్చోవాలి. ఆ మధ్య వచ్చిన ఒక అమ్మాయి పేరూ ఊరూ ఏమీ అడగలేదు. "నేను దొరికినప్పుడు నా ఒంటి మీద ఏముంది?" అని మాత్రం అడిగింది. ఫైలంతా తిరగేశాను. బరువు ఉంది, తేదీ ఉంది, వైద్యుడి సంతకం ఉంది. ఆ వివరం ఎవరూ రాయలేదు.

అప్పటి నుంచి బిడ్డ మా దగ్గరికి రాగానే ముందు అది రాస్తున్నాను. ఏ రంగు గుడ్డ, కుట్టు ఎలా ఉంది, ముడి ఎటువైపు వేసి ఉంది. గుడ్డ చిరిగిపోయి ఉన్నా పారేయనివ్వను. మడిచి, కవర్లో పెట్టి, తేదీ వేసి ఫైలుకు జత చేస్తాను.