ఎర్రమట్టి పట్టు

విశాఖపట్నం నుంచి భీమిలి బీచ్ రోడ్డు పట్టుకుని ఎర్రమట్టి దిబ్బలకి వెళ్ళొస్తే ఇంట్లో తిట్లు ఖాయం. ప్యాంటుకి అంటిన ఆ ఎరుపు ఎన్నిసార్లు ఉతికినా ఓ పట్టాన వదలదు. మొన్న దులిపిన మట్టినే చిటికెడు తీసి భూతద్దం కింద పెట్టాను. చాలావరకు మామూలు ఇసుక రేణువులే, ఒక్కోదానికీ పల్చటి ఎర్ర పూత. గోటితో గీకినా రాలేదు. ఆ పూత ఐరన్ ఆక్సైడ్, అంటే తుప్పుకి చుట్టం. ఈ జాతి ఖనిజాలు ఆర్సెనిక్‌ని కూడా అలాగే పట్టుకుంటాయి. (దిబ్బల్లో ఆర్సెనిక్ ఉందని కాదు, టెన్షన్ పడకండి.)

ఆర్సెనిక్ అంటే పాతకాలపు పాషాణంలో ఉన్న విషమే. తాగేనీళ్ళలో లీటరుకి 10 మైక్రోగ్రాములు దాటకూడదు. అయితే మట్టిలో ఎంత ఉందన్నది ఒక లెక్క, అందులోంచి నీళ్ళలోకి ఎంత దిగుతుందన్నది వేరే లెక్క. ఆ రెండోది చాలాచోట్ల ఇనుము చేతిలో ఉంటుంది.

అప్పుడే పుట్టిన తుప్పుని ఫెర్రిహైడ్రైట్ అంటారు. దాని రేణువులు ఎంత సన్నవంటే, ఒక్క గ్రాము ఉపరితలమంతా కలిపితే 200 చదరపు మీటర్లు దాటొచ్చు. మన లెక్కలో 240 గజాలు. మధురవాడలో అంత స్థలం కొనాలంటే మనవల్ల కాదు గానీ, ఆర్సెనిక్‌కి చిటికెడు తుప్పులోనే దొరుకుతుంది.

పులుపు తగిలితే లోహాలు కదులుతాయని ఇత్తడి చెంబుని చింతపండుతో తోమే ఎవరికైనా తెలుసు. సీసం, కాడ్మియం నిజంగానే ఆమ్ల నేలల్లో ఎక్కువ కరుగుతాయి. ఆర్సెనిక్ దారి వేరు. గాలి ఆడే నేలలో అది ఆర్సెనేట్‌గా, రుణావేశంతో తిరుగుతుంది. ఆమ్లంలో తుప్పు ఉపరితలానికి ధనావేశం వస్తుంది. ఇంకేముంది, రెండూ అతుక్కుంటాయి. పులుపు మరీ ముదిరి తుప్పే కరిగిపోయేదాకా ఆ పట్టు సడలదు.

సడలించేది నిలవనీరు. బోరు నీళ్ళు పట్టినప్పుడు తేటగా ఉండి, తెల్లారేసరికి బకెట్ అడుగున ఎర్రమడ్డి చేరడం చూసే ఉంటారు. కరిగి ఉన్న ఇనుము గాలి తగిలి తుప్పుగా మారిందన్నమాట. మునిగిన నేలలో ఇదే వెనక్కి నడుస్తుంది. ఆక్సిజన్ అయిపోయాక జియోబ్యాక్టర్ లాంటి సూక్ష్మజీవులు ఊపిరికి తుప్పునే వాడుకుంటాయి. తుప్పు కరుగుతుంది, ఆర్సెనిక్ రోడ్డున పడుతుంది. పైగా ఆర్సెనైట్‌గా మారి ఆవేశం కూడా పోగొట్టుకుంటుంది కాబట్టి ఆమ్ల నేలలో మునుపటంత గట్టిగా అతుక్కోదు. 1980లలో పశ్చిమ బెంగాల్‌లో బోరు నీళ్ళు తాగినవాళ్ళ చర్మం మీద మచ్చలుగా బయటపడింది ఎక్కువగా ఈ రసాయన చర్య ఫలితమే.

మడ అడవుల బురదది ఇంకో కథ. అందులో పైరైట్ అనే ఇనుము, గంధకాల ఖనిజం ఉంటుంది. నీళ్ళు తీసేసి ఆరబెడితే గాలి తగిలి సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది, పీహెచ్ (పులుపు కొలత, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4 కిందికి పడిపోతుంది. కేరళలోని కుట్టనాడులో ఇలాంటి నేలలు ఉన్నాయి. ఇలాంటి ఆమ్ల నేలల్లో పుట్టే ష్వెర్ట్‌మానైట్ అనే నారింజరంగు ఇనుప ఖనిజం ఆర్సెనిక్‌ని బాగా దాచుకుంటుంది, కానీ స్థిరమైనది కాదు. సున్నం వేసి పులుపు విరిస్తే పంటకి మేలే. అయితే ఆర్సెనిక్ ఉన్న నేలలో సున్నం వేసి, పైన నీళ్ళు నిలబెడితే, ఆ ఖనిజం గోథైట్ అనే మరింత స్థిరమైన తుప్పుగా మారుతూ దాచుకున్నదాంట్లో కొంత వదిలేయొచ్చు. ఇలాంటి నేల బాగుచేసేటప్పుడు పీహెచ్ ఒక్కటే కొలిచి ఊరుకోవడం నాకైతే సగం పనిలా అనిపిస్తుంది.

నేపాల్‌లో కంచన్ ఫిల్టర్ అని ఒకటి వాడతారు. ఇసుక మీద ఇనుప మేకులు పరిచి, పైనుంచి బోరు నీళ్ళు పోస్తారు. మేకులు తుప్పు పడతాయి, ఆర్సెనిక్ ఆ తుప్పుకి అంటుకుని ఇసుకలో ఆగిపోతుంది.